ఇటు సూడు, ఫీజులు

అక్కకి కళ్లు పోతున్నాయని మా ఇంట్లో అందరికంటే ముందు పట్టుకున్నది నేను. జాలితో పట్టుకోలేదు, చిరాకుతో పట్టుకున్నాను. చీపురుపల్లి స్టేషన్లో సాయంత్రం పాసింజరు దిగి, తనకోసం నిలబడి ఉన్న నన్ను దాటుకుంటూ వెళ్లిపోయింది. గట్టిగా పిలిస్తే ఎటో చూసింది.

"పొగరా, గుడ్డితనమా?" అన్నాను.

"రెండూనే" అంది.

నవ్వుకుంటూ ఇంటికొచ్చాం. తర్వాత విశాఖపట్నం తీసుకెళ్తే కంటి డాక్టరు మాత్రం నవ్వలేదు. ఇది రేచీకటితో మొదలవుతుందన్నాడు. చూపు చుట్టూ అంచుల నుంచి చీకటి తినుకుంటూ లోపలికి వస్తుంది, చివరికి నడిమధ్యన చిన్న కన్నం మిగులుతుంది, ఆ కన్నమైనా ఎన్నాళ్లుంటుందో చెప్పలేం అన్నాడు. మందు లేదన్నాడు. ఆ మాట చెప్పడానికి ఫీజు ముందే కట్టించుకున్నారు.

బావకి చెప్పినప్పుడు అన్నం తింటున్నాడు. కంచంలోంచి తల ఎత్తలేదు. "ఉజ్జోగం ఉన్నన్నాళ్లూ కళ్లున్నట్టే. అది పోయిన్నాడు సూద్దాం" అన్నాడు, మజ్జిగ పోసుకుంటూ. అతను చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే అక్క ఆ మాటని పట్టించుకునేది కాదు. అతను ఊరికే ఉన్నమాట అన్నాడు కాబట్టి అక్క దాన్ని మనసులో గట్టిగా పెట్టేసుకుంది. ఆ రోజు నుంచి ఆమెకి కళ్లు పోతాయన్న భయం పోయింది. ఉద్యోగం పోతుందన్న భయం ఒక్కటే మిగిలింది.

ఆ ఉద్యోగం విజయనగరంలో ఒక ప్రైవేటు కాలేజీ ఆఫీసులో. ఫీజులు కట్టించుకొని రసీదులివ్వడం, మార్కులు ఎక్కించడం, సర్టిఫికెట్లు టైపు చెయ్యడం. పొద్దున్న పాసింజర్లో వెళ్లి సాయంత్రం పాసింజర్లో వచ్చేది. నేను ఇంజనీరింగ్ అయిపోయి, మా బ్యాచీ మొత్తం బెంగుళూరు, హైదరాబాదు రైళ్లెక్కేశాక, ఎక్కకుండా మిగిలిపోయినదాన్ని. అక్కా బావల ఇంటి ముందుగదిలో పాత ల్యాప్‌టాప్ పెట్టుకొని ఎవరెవరికో వెబ్‌సైట్లు చేసేదాన్ని. బావ దృష్టిలో నేను అన్నం తినే సామాను.

కాలేజీ కరస్పాండెంటు గారిది పట్నంలో తరాలుగా బెల్లం, నువ్వుల వ్యాపారం చేస్తున్న కుటుంబం. డబ్బు పెట్టి సాఫ్ట్‌వేర్ కొనమంటే ఆయనకి ఒళ్లు మంట. అందుకని ఆఫీసు కంప్యూటర్లన్నిటిలో ఊరికే దొరికే లినక్స్ వేయించాడు. ఆయన చేసిన మేలు ఏదైనా ఉంటే ఆ పిసినారితనమే. ఎందుకంటే లినక్స్‌లో విండో మేనేజర్‌ని మనకి కావలసినట్టు మార్చుకోవచ్చు.

విండో మేనేజర్ అంటే తెర మీద ఏ విండో ఎక్కడ ఉండాలో, ఏది పైకి రావాలో, ఏది వెనక్కి తగ్గాలో చూసుకునే ప్రోగ్రాం. ఉమ్మడి కాపురంలో అత్తగారిలాగ తను ఏ పనీ చెయ్యదు, అందరి మీదా పెత్తనం చేస్తుంది. కొన్ని మేనేజర్లకి లువా అనే చిన్న స్క్రిప్టింగ్ భాషలో నాలుగు ముక్కలు రాసిస్తే ఆ అత్తగారు మన మాట వింటుంది. నేను సరదాకి నా ల్యాప్‌టాప్‌లో అలాంటివి చాలా రాసుకున్నాను. ఎందుకూ పనికిరాని సరదా అని నాకే నమ్మకం.

ఒకరోజు అక్క ఏడుస్తూ వచ్చింది. మార్కుల పేజీలో టైపు చేస్తూంటే మూలన ఏదో చిన్న పెట్టె తెరుచుకుందట, అవునా కాదా అని అడుగుతూ. మూల అనేది ఇప్పుడు అక్క లోకంలో లేదు. ఆ పెట్టె కనిపించక ఆమె టైపు చేస్తూనే ఉంది. ఒక సెక్షను మార్కులన్నీ గాల్లో కలిసిపోయాయి. మళ్లీ కొట్టడానికి మధ్యాహ్నం అన్నం మానేసింది.

"పెద్దక్షరాలు పెట్టీవే" అంది నాతో.

అందరూ అక్కడే తప్పుతారు. చూపు తగ్గిందంటే అక్షరాలు పెంచెయ్యమంటారు. కన్నంలోంచి చూసేవాళ్లకి అక్షరం ఎంత పెద్దదైతే అంత తక్కువ కనిపిస్తుంది. అక్కకి కావలసింది చిన్న విండో, సరిగ్గా తెర నడిమధ్య, చుట్టూ నల్లగా. మౌస్ బాణం కూడా ఆ నడిమధ్యకే రావాలి. దాన్ని వెతుక్కోవడానికే ఆమెకి సగం పూట పోతోంది.

అది రాశాను. ఏ విండో తెరుచుకున్నా, అది ఎంత చిన్నదైనా, మెడ పట్టుకొని మధ్యకి లాగేలా రాశాను. మిగతావన్నీ వెనక్కిపోయి చీకట్లో నిలబడతాయి. పైవరసలో ఒక మీట నొక్కితే ఫీజులు, పక్కది నొక్కితే మార్కులు, దాని పక్కది సర్టిఫికెట్లు. ఒకరోజు అక్కతో వెళ్లి దాన్ని ఆఫీసులో ఆమె కంప్యూటర్లో వేసి, ఆ మీటల మీద అక్క నుదుటి మీది రాళ్ల బొట్టుబిళ్లలు అంటించాను. వేలికి రాయి తగిలితే ఏ మీటో తెలుస్తుంది.

అయినా తడబడుతోంది. ఏ విండో వచ్చిందో చదివి తెలుసుకునేసరికి ఆలస్యం. అందుకని విండో మారగానే దాని పేరు చెవిలో చెప్పేలా రాశాను. గొంతు కావాలి కదా, నీ గొంతే ఇవ్వు అన్నాను. ఫోను ముందు కూర్చుని మర్యాదగా "ఫీజుల పుట" అంది. రేడియోలో వార్తలు చదువుతున్నట్టుంది.

"నీలాగ సెప్పవే. నన్ను తిట్టినట్టు సెప్పు" అన్నాను.

అప్పుడు సరిగ్గా చెప్పింది. "ఇటు సూడు, ఫీజులు." "మార్కులే ఇవి, ఒళ్లు దగ్గరెట్టుకో." "సర్టిఫికెట్టు. పేరు సరిగ్గా సూసుకో." ఎప్పుడూ చూడని విండో వస్తే చెప్పడానికి ఒకటి, "ఇదేటో కొత్తది, ఆగు." చెప్పిన ప్రతిసారీ తనే నవ్వింది, ఆ నవ్వుల్ని నేను కత్తిరించాను.

ఆ తర్వాత నేర్పడం. ల్యాప్‌టాప్ తెర మీద తువ్వాలు కప్పేసి కొట్టమన్నాను. తప్పు కొడితే మొదటి నుంచి. "కాసేపు ఆగవే, కళ్లు లాగేస్తన్నాయి" అంటే, "తువ్వాలుంటే కళ్లతో నీకేటి పని?" అన్నాను. ఆమె ఏడ్చింది, నేను ఆపలేదు. జాలి చూపించేవాళ్లు ఆమె చుట్టూ కావలసినంతమంది ఉన్నారు. వాళ్లెవరూ ఒక్క వరస కోడ్ రాయలేదు. ఇప్పుడు మళ్లీ చెయ్యాల్సి వచ్చినా అలాగే కప్పుతాను.

కొన్ని వారాలకి కొట్టడం వచ్చేసింది. ఎంత బాగా వచ్చేసిందంటే, పక్క కుర్చీలో ఉండే సీనియర్ అసిస్టెంటు కంటే వేగంగా రసీదులు కొట్టేది. ఆవిడ అక్కకి స్నేహితురాలు. రోజూ అక్క అన్నం డబ్బాలోంచి ఆవపెట్టిన పనసపొట్టు కూర సగం తినేది. "అదేటి చెవిలో, ఎప్పుడూ పాటలేనా?" అని అడిగితే అక్క నవ్వి ఊరుకునేది. చెవిలో తనే తనని తిట్టుకుంటోందని ఎవరికీ తెలియదు.

ఇక బోణీ సంగతి చెప్పాలి. కరస్పాండెంటు గారు కాలేజీని కూడా కొట్టులాగే నడిపేవాడు. దసరాకి ఆఫీసులో ఆయుధ పూజ చేసి, ముహూర్తానికి మొదటి ఫీజు రసీదు కొట్టించేవాడు. కొట్టు తెరవగానే మొదటి బేరం ఎవరి చేత్తో జరిగిందన్నది ఆయనకి ముఖ్యం. ఒక ఏడు అనుకోకుండా అక్క చేత కొట్టించాడు. ఆ ఏడు సీట్లన్నీ నిండాయి. అంతే, "ఈ అమ్మాయి చెయ్యి మంచిది" అని తీర్మానించేశాడు. అప్పటి నుంచి ఏటా అక్కే. జీతం పెంచమంటే వినిపించుకోనివాడు, బోణీ రోజున మాత్రం ఆమెకి పట్టు రవికెల గుడ్డ పెట్టించేవాడు. అక్క ఆ గుడ్డలన్నీ కుట్టించకుండా దాచుకుంది.

నా స్క్రిప్టు వేసిన ఏడు, పూజకి ముందురోజు అక్క ఇంటికొచ్చి, "కొత్త కంప్యూటరు కొన్నారట. బోణీ దాని మీదే సెయ్యాలట" అంది. గొంతు మామూలుగానే ఉంది, చేతులు మాత్రం కొంగుని మెలి తిప్పుతున్నాయి.

కొత్త కంప్యూటర్లో నా స్క్రిప్టు లేదు. వెయ్యడం నిమిషాల పని. పెన్‌డ్రైవ్‌లో వేసుకొని తెల్లారి అక్కతోపాటు నేనూ పాసింజరెక్కాను.

మేం వెళ్లేసరికి ఆఫీసు గుడిలాగ ఉంది. అమ్మవారి పటం ముందు బల్ల మీద కీబోర్డులన్నీ ఊడదీసి కుప్పగా పోశారు. మౌసులు, స్టాప్లర్లు, రబ్బరు స్టాంపులు, అన్నిటికీ కుంకుమ. కొత్త కంప్యూటర్‌కి పసుపు రాసి బంతిపూల దండ వేశారు. నేను దాని దగ్గరికి వెళ్తూంటే అటెండరు అడ్డం వచ్చాడు.

"ముట్టుకోకూడదమ్మా. ముహూర్తానికి బోణీ సేసినోల చెయ్యే మొదట పడాల."

కరస్పాండెంటు గారి దగ్గరికి వెళ్లాను. చిన్న ప్రోగ్రాం వెయ్యాలండి, లేకపోతే వైరస్ వస్తుందండి అని నోటికొచ్చిన అబద్ధం చెప్పాను.

"అమ్మవారి ముందు వైరస్ ఏమిటమ్మా?" అన్నాడు ప్రేమగా. "బోణీ అయ్యాక నీ ఇష్టం."

పోనీ అక్క కీబోర్డయినా తెద్దామని కుప్పలో వెతికాను. దొరికింది. బొట్టుబిళ్లలు లేవు. వాడేసిన బొట్లు అమ్మవారి ముందు పెట్టకూడదని అటెండరు గోటితో గోకేసి, తడిగుడ్డతో తుడిచి, నడిమధ్యన కొత్తగా కుంకుమ పెట్టాడు. ఎంత శ్రద్ధగా తుడిచాడంటే జిగురు కూడా మిగల్లేదు.

అక్కని పక్కకి లాగాను. "తలనొప్పని సెప్పు, పోదాం."

"బోణీ వదిలేసి పోతే మరింక పిలవరు. నానే వద్దనుకున్నానని అనుకుంటారు. సూద్దాంలే." అని, ఆగి, "ఫీజుల పేజీ తెరిచే ఉంచుతారు కదే?" అని అడిగింది. ఉంచుతారన్నాను. పెన్‌డ్రైవ్ నా గుప్పెట్లో చెమటకి తడిసిపోయింది.

ముహూర్తం అన్నారు. అక్కని కుర్చీలో కూర్చోబెట్టారు. చుట్టూ స్టాఫంతా. కరస్పాండెంటు గారి తమ్ముడి మనవడి పేరు మీద మొదటి రసీదు. తెర మీద ఫీజుల పేజీ నిజంగానే తెరిచి ఉంది. ఆమె పేరు కొట్టి, ఎంటర్ నొక్కి ఉంటే అయిపోయేది. కానీ వేలు అలవాటుగా పైవరస మీటకి పోయింది. మామూలు కంప్యూటర్లో ఆ మీట నొక్కితే సహాయం పెట్టె తెరుచుకుంటుంది. తెరుచుకుంది, కుడివైపు పక్కన. మధ్యకి లాగే అత్తగారు లేదు, ఇదేటో కొత్తది ఆగు అని చెప్పే గొంతు లేదు. అక్క ఆ పిల్లాడి పేరంతా ఆ పెట్టెలో కొట్టింది.

"ఏటమ్మా, ఎక్కడ కొడతన్నావు?" అని ఎవరో అన్నారు.

అక్క తల అటూ ఇటూ తిప్పుతోంది, గింజ కోసం కోడి తిప్పినట్టు. మౌస్ కోసం చెయ్యి విసురుగా చాపింది. సరిగ్గా అప్పుడే ఎడమవైపు నుంచి కరస్పాండెంటు గారి భార్య హారతి పళ్లెం పట్టుకొని వస్తోంది. ఎడమవైపు అనేది కూడా అక్కకి లేదు. మోచెయ్యి తగిలి పళ్లెం ఎగిరి బల్ల మీద పడింది. కర్పూరం కీబోర్డు మీద దొర్లి, దండకి తగిలి, ఆరిపోయింది.

"అపచారం!" అని ఆవిడ కేక పెట్టింది.

అప్పుడు నోరు విప్పింది పనసపొట్టు కూర తిన్న స్నేహితురాలు. "నానెప్పట్నుంచో అనుకుంటన్నాను సార్. ఆమెకి కళ్లు అగుపడవు. గుమ్మంకాడ రోజూ నన్ను గుద్దుకుంటాది."

కరస్పాండెంటు గారు కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. అమ్మవారి ముందు కొట్టిన కొబ్బరికాయలోంచి ఒక చిప్ప తీసి, చప్పుడు చెయ్యకుండా వచ్చి, అక్క కుడిచెంప పక్కన పట్టుకొని నిలబడ్డాడు. అందరూ చూస్తున్నారు. అక్క ఎదురుగా చూస్తూ కూర్చుంది. చెప్పడానికి నేను నోరు తెరిచాను, ఆయన వేలు చూపించి ఆపాడు. ఒట్టి వేలిని చూసి ఎందుకాగానో, నా మీద నాకిప్పటికీ కోపం.

"ప్రసాదం తీసుకోవేం అమ్మా?" అన్నాడు చివరికి.

అక్క కంగారుగా రెండు చేతులూ దోసిలి పట్టి ఎదురుగా చాపింది. ఎదురుగా ఎవరూ లేరు. కంప్యూటర్ ఉంది. ఎవరో కిసుక్కున నవ్వారు, ఆ తర్వాత చాలామంది.

అప్పుడు అరిచాను. "ఆమె కొట్టిన రసీదుల్లో ఒక్క తప్పు చూపించండి. కళ్లున్నవాళ్లు కొట్టినవాటిలో నేను వంద చూపిస్తాను."

"తప్పుల సంగతి ఎవరడిగారమ్మా?" అన్నాడాయన, నిజంగానే ఆశ్చర్యపోతూ. "ఇన్నేళ్లూ నాచేత గుడ్డిచేత్తో బోణీ చేయించారు. రెండేళ్లుగా సీట్లెందుకు నిండటం లేదో ఇప్పుడు తెలిసింది." ఆ చిప్ప అటెండరుకిచ్చి, కుర్చీ కడిగించమని చెప్పి వెళ్లిపోయాడు. అక్క లేచాక నిజంగానే కడిగారు. పసుపునీళ్లతో. ఇక పనిలోకి రావద్దన్నారు.

మర్నాటి నుంచి బావ, అక్క ఎదురుగా ఉండగానే నావైపు తిరిగి, "మీ అక్కకి అన్నం పెట్టీ" అనడం మొదలుపెట్టాడు. అక్కడితో ఆమెకి కళ్లు పూర్తిగా పోయాయి.

సంక్రాంతి దాటాక అనుభవం సర్టిఫికెట్ ఇస్తాం, వచ్చి తీసుకోమని కబురు చేశారు. దేనికి పనికొస్తుందో తెలియదు. అయినా అక్క మంచి చీర కట్టుకుంది. చెయ్యి పట్టుకొని తీసుకెళ్లి, తల్లిదండ్రులు కూర్చునే బెంచీ మీద కూర్చోబెట్టాను. అక్క పాత కుర్చీలో, పాత కంప్యూటర్ ముందు, ఆ స్నేహితురాలు కూర్చుని ఉంది. ఎవరో పిల్లాడి తండ్రి డబ్బు చాపాడు. ఆవిడ పైవరస మీట నొక్కింది.

"ఇటు సూడు, ఫీజులు" అంది అక్క గొంతు, గదంతా వినబడేలా.

బెంచీ మీద అక్క ఉలిక్కిపడింది. ఇయర్‌ఫోన్లు అక్క ఇంటికి తెచ్చేసుకుంది కదా, వాళ్లు స్పీకర్లు తగిలించుకున్నారు. వరసలో నిలబడ్డ పిల్లలు నవ్వారు. ఒకడు "ఇటు సూడూ" అని సాగదీసి వెక్కిరించాడు.

"బలే సులువుగా ఉన్నాది ఇది" అంది ఆవిడ నాతో, అసలేమీ జరగనట్టు. "విండో ఎతుక్కోనక్కర్నేదు, మద్దెలోకి అదే వస్తాది. పనంతా పూటలో అయిపోతంది."

అక్క సర్టిఫికెట్ కొట్టడానికి ఆవిడ ఇంకో మీట నొక్కింది. "సర్టిఫికెట్టు. పేరు సరిగ్గా సూసుకో."

"సూడు, మీ అక్కే సెప్తంది" అని ఆవిడ పకపకా నవ్వి, అక్క పేరు కొట్టింది. సరిగ్గానే కొట్టింది. అటెండరు దాని మీద సంతకం పెట్టించి తెచ్చి అక్క చేతికిచ్చాడు.

కరస్పాండెంటు గారు గదిలోంచి బయటికొచ్చి నన్ను చూసి సంతోషపడ్డాడు. "అన్ని కంప్యూటర్లకీ అది వేసి పెట్టమ్మా. ఆ గొంతు మార్చకు, పిల్లలకి సరదాగా ఉంది." బెంచీ వైపు చూశాడో లేదో నాకు తెలియదు.

మిగతా వాటికి వెయ్యనన్నాను. దీన్ని మాత్రం సరిచెయ్యాలి, లేవండి అని ఆవిడని లేపి కూర్చున్నాను. సరిచెయ్యడానికి ఏమీ లేదు. ఒక్క ఫైలు చెరిపేస్తే చాలు, ఆ గొంతూ ఉండదు, నడిమధ్యకి వచ్చే విండోలూ ఉండవు, అత్తగారు మళ్లీ ఎవరి మాటా వినదు. నాకు ఒళ్లంతా హాయిగా అనిపించింది. ఆదేశం టైపు చేశాను. ఎంటర్ ఒక్కటే మిగిలింది.

"ఒసే" అని బెంచీ మీంచి అక్క పిలిచింది. ఆమెకి తెర కనిపించదు, నేను కనిపించను. నేను మీటలు కొట్టే తీరు తెలుసు. "ఏటి సేస్తన్నావే?"

"తీసెస్తన్నాను."

"వద్దు."

"నిన్నిలాగ సేసినోలకి ఎందుకే ఇది?"

అక్క ఒళ్లో సర్టిఫికెట్ పెట్టుకొని నిటారుగా కూర్చుంది. "నన్ను తీసేసారు. నా గొంతు తీసెయ్యమని ఈలెవరూ అననేదు కదే. నువ్వెందుకు తీసెస్తావు?"

గదిలో అందరూ విన్నారు. నేను కొట్టిన ఆదేశాన్ని ఒక్కో అక్షరం వెనక్కి చెరిపేసి లేచాను. ఆవిడ కుర్చీలో కూర్చుంది, ఆ కుర్చీ కాస్త ముందుకి లాక్కుని.

అక్క చెయ్యి పట్టుకొని గుమ్మం దాటించాను. మెట్లు దిగుతూంటే వెనక వరస మళ్లీ కదిలింది. ఎవరో ఫీజు కట్టడానికి వచ్చారు.

"ఇటు సూడు" అంది లోపల్నుంచి గొంతు.

అలవాటు కొద్దీ అక్క ఆగి, ముఖం అటు తిప్పింది.

"నిన్ను కాదక్కా" అన్నాను. "పద."